ఒడ్డున ఇంటోళ్లెవరన్నా ఉండిర్రా?

దయ్యాలు, గాలి సోకడాలు, చచ్చిపోయినవాళ్లు కనపడడాలు, ఇవేవీ నేను నమ్మే మనిషిని కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ మంచిది. గద్వాలలో మా ఆయన, నేను కలిసి పత్తి విత్తనాల దుకాణం నడుపుతాం. పొద్దున షట్టరు లేపింది మొదలు రాత్రి దించేదాకా మనుషులతో వాదించడమే నా పని. మొలక రాలేదని వచ్చిన రైతుతో వాదిస్తాను. గడపకు నిమ్మకాయ, మిరపకాయలు కడతానని వారం వారం వచ్చి నిలబడే అతనితోనూ వాదిస్తాను.

అసలు ఈ దుకాణం మాకు దొరికిందే దయ్యం పుణ్యాన. వెనక గదిలో గజ్జెల చప్పుడు వస్తోందని అంతకుముందున్న కిరాయిదారు ఖాళీ చేసి పోయాడు. మర్నాడే నేను వెళ్లి తాళం తీసుకున్నాను. కొన్నాళ్లకు తేలిందేమిటంటే అవి గజ్జెలు కావు, పాత రేకు డబ్బాల మధ్య తిరిగే పందికొక్కులు. "నీ ముందుకొస్తే దయ్యమే పరేషానయితది" అని మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. రాత్రిపూట జరిగింది కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు జరిగింది కాదు. పట్టపగలు, బస్సెడు మంది ఉండగా జరిగింది. మా అమ్మ సంగతి ఇది.

అమ్మ పేరు బాలమ్మ. నాన్న పోయాక నా దగ్గరే ఉండేది. నాగర్‌కర్నూలులో ఉన్న మా తమ్ముడు శ్రీను ఎన్నిసార్లు రమ్మన్నా వెళ్లేది కాదు. దుకాణం అరుగు మీద కూర్చుని వచ్చేపోయే రైతులను ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని ఆరా తీయడం ఆమెకు ఇష్టం. చివరి ఏళ్లలో మతిమరుపు మొదలైంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. మనవరాలి పేరు కూడా ఒక్కోసారి తడుముకునేది. చిన్ననాటి సంగతులు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

రోజూ సాయంత్రం ఎండ వాలేసరికి రెండు చీరలు సంచిలో పెట్టుకుని వాకిట్లో నిలబడేది.

"పోదాం బిడ్డా. చీకటైతే పుట్టి దొర్కది."

ఆమె పోదామనేది పుట్టింటికి. ఆ ఊరి పేరు ఇప్పుడు చెప్పినా లాభం లేదు, ఊరే లేదు. కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డుకు పోతే, అవతలి గట్టున ఉండేది. శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి తన్నినప్పుడు ఇళ్లు, చేలు, బావులు అన్నీ మునిగిపోయాయి. అప్పుడు నేను చిన్నదాన్ని. ఊరు లేదమ్మా అని చెబితే ఆ పూటకు ఊరుకునేది. మర్నాడు మళ్లీ సంచి సర్దేది. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత తర్వాత "రేపు పోదాం లేమ్మా" అనడం అలవాటు చేసుకున్నాను.

ఆ పుట్టి గురించి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు.

మా నాన్నది కోడేరు దగ్గర ఊరు. ఎండాకాలం సెలవులు రాగానే అమ్మ, నాన్న, నేను, తమ్ముడు నలుగురం అమ్మమ్మ ఊరికి బయలుదేరేవాళ్లం. నది దాటించేవాడు కాసీం మామ. అతనిది అమ్మ పుట్టిన ఊరే, రెండిళ్ల అవతల. అమ్మకు తోడబుట్టిన అన్నదమ్ములు లేరు. చిన్నప్పటి నుంచి కాసీమన్నా అని పిలిచేది, అతనూ చెల్లె అనేవాడు, అందుకని మాకు మామయ్యాడు. పీర్ల పండుగకు రొట్టెలు, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు ముందు మా అమ్మమ్మ ఇంటికే వచ్చేవి. అమ్మ పెళ్లయి అత్తగారింటికి పోయిన రోజు ఏరు దాటించింది కూడా అతనే. ఆ రోజు గడ వేస్తూ తలకు చుట్టిన తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడని అమ్మ ఎప్పుడూ చెప్పేది.

పుట్టి అంటే చూడనివాళ్లకు, వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. అడుగున తోలు, తారు పట్టించి ఉంటుంది. ఎంత తారు పూసినా లోపలికి కొంచెం నీళ్లు ఊరుతూనే ఉంటాయి. అందరం ఆ అల్లిక మీదే చతికిలబడి కూర్చోవాలి. అవతలి ఒడ్డు దిగేసరికి నా లంగా వెనక తడిసి, వెదురు అల్లిక అచ్చు పడేది. అమ్మమ్మ నన్ను వెనక్కి తిప్పి చూసి, "కాసీం ముద్ర ఏసిండు, ఇగ నువ్వు మా ఊరిదానివే" అని నవ్వేది. ఆ మాట కోసం నేను కావాలనే నీళ్లున్న చోట కూర్చునేదాన్ని.

కాసీం మామకు ఒక పట్టుదల ఉండేది. ఒక ఇంటివాళ్లందరినీ ఒకే పుట్టిలో ఎక్కించుకునేవాడు కాదు. వాళ్ల తాతల నాటి నుంచీ అదే పద్ధతట. ఎప్పుడో వరద రోజుల్లో ఒక పుట్టి తిరగబడి, పిల్లలతో సహా ఒక ఇల్లంతా పోయిందని, ఏడవడానికి కూడా ఆ ఇంట్లో మనిషి మిగల్లేదని చెప్పుకునేవాళ్లు. అందుకని గడ నేలకు తన్నేముందు ప్రతిసారీ ఒక మాట అడిగేవాడు.

"ఒడ్డున ఇంటోళ్లెవరన్నా ఉండిర్రా?"

ఉన్నారంటేనే పుట్టి కదిలేది. అందరం ఎక్కేశామంటే ఒకరిని దింపేవాడు. కలెక్టరు వచ్చినా అంతే. అలా నేనూ నాన్నా వెనక మిగిలేవాళ్లం. అమ్మ తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని ముందు పుట్టిలో పోయేది. నీళ్ల మీద అమ్మ చిన్నదైపోతుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడేదాన్ని. ఎంత భయమేసేదో ఇప్పటికీ గుర్తుంది. పుట్టి తిరిగొచ్చి, కాసీం మామ నా రెక్క పట్టుకుని ఎక్కించుకున్నాక కానీ గుండె కుదుటపడేది కాదు.

ఇంకొకటి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లు చెప్పులు ఈ ఒడ్డునే విడిచేవాళ్లు. వరసగా చెప్పుల జతలు ఇసుకలో ఉండేవి. ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. చెప్పులున్నాయంటే మనిషి తిరిగి వస్తాడని లెక్క.

ఊరు మునిగాక కాసీం మామ కొల్లాపూర్ వచ్చి మామిడి తోటలకు కావలి ఉన్నాడు. ఏటా కాయల రోజుల్లో గంపతో మా ఇంటికి వచ్చేవాడు. తర్వాత జబ్బు చేసి పోయాడు. అతని ఖననానికి నేనూ, అమ్మా వెళ్లాం. మట్టి వేయడం దూరం నుంచి నేను కళ్లారా చూశాను. ఇప్పటికి చాలా ఏళ్లయింది.

ఇక విశాఖపట్నం సంగతికి వస్తాను. మా అమ్మాయి మౌనిక అక్కడ ఒక దవాఖానలో నర్సు. అమ్మమ్మకు సముద్రం చూపిద్దాం, నడక బాగున్నప్పుడే రండి అని ప్రాణం తీసింది. శ్రీనుకు ఇష్టం లేదు.

"గంత దూరం ఎందుకక్కా? మతి సక్కగ లేని మనిషి. యాడన్న తప్పిపోతే?"

"నేను లేనారా? నా చెయ్యి ఇడిసి యాడికి పోతది?" అన్నాను.

"పోతే మల్ల నాకు ఫోన్ చెయ్యకు" అన్నాడు. అలా ఫోన్ పెట్టేశాడు. తల్లిని నా మాట మీద పంపించాడు.

వెళ్లిన మూడో రోజు ఆదివారం. మౌనిక ఒక టూరిస్టు బస్సులో మా ముగ్గురికీ సీట్లు తీసుకుంది. పొద్దున విశాఖలో ఎక్కించుకుని, భీమిలి అంతా చూపించి, సాయంత్రానికి దింపేస్తారు. గైడు పేరు రాంబాబు, ముప్పై ఏళ్లుంటాయి, మైకు చేతికి వస్తే వదలడు. మా మాట వినగానే "తెలంగాణా నుంచి వచ్చారాండీ, మీ యాస బాగుంటాదండి" అన్నాడు. మీ యాస కూడా బాగానే ఉంది నాయనా, ముందు ఆ మైకు సౌండు తగ్గించు అన్నాను. బస్సంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

అమ్మ కిటికీకి ముఖం ఆనించి మొదటిసారి సముద్రాన్ని చూసింది. రాంబాబు వచ్చి, "ఎలాగుందమ్మా మా సముద్రం?" అని అడిగాడు.

"ఇన్ని నీళ్లు ఏ డ్యామువి నాయనా? ఎన్ని ఊర్లు మునిగినయి?" అంది అమ్మ.

అతను మైకు కిందికి దించి నా వైపు చూశాడు. నేను సైగ చేశాను. ఆ పిల్లాడు మంచివాడు, నవ్వలేదు. "ఇవి సొంత నీళ్లేనమ్మా, ఎవరి ఊరూ మునగలేదు" అని చెప్పి, ఆమె పక్కనే కాసేపు నిలబడ్డాడు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. అమ్మ వంగి పిడికెడు మట్టి తీసి చూసింది. "మన వనపర్తి చెల్కల మన్నే గిది. గీడికెట్లొచ్చింది?" అని నన్ను అడిగింది. మన మట్టి ఇంత మెత్తగా ఉంటుందామ్మా అంటే ఒప్పుకోలేదు. కొంచెం కొంగున కట్టుకుంది కూడా.

భీమిలి చేరాక డచ్చివాళ్ల సమాధులు చూపించారు. వ్యాపారానికి ఓడల మీద వచ్చి ఇక్కడే పోయినవాళ్లవట. చిన్న చిన్న గోపురాల్లా ఉన్నాయి, రాళ్ల మీద వాళ్ల భాషలో ఏవో చెక్కి ఉన్నాయి. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే అమ్మ ఒక సమాధి దగ్గర ఆగిపోయింది. "పాపం, వీండ్ల ఇంటోళ్లకు తెల్సిందో లేదో" అంది. తర్వాత లైట్‌హౌస్ చూశాం, గంట స్తంభం చూశాం, చేపల పులుసుతో భోజనం చేశాం. అమ్మ కడుపునిండా తిన్నది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు ఆమె మనసు చాలా తేటగా ఉంది. ఒక్కసారి కూడా ఊరికి పోదామనలేదు. శ్రీనుకు ఫోన్ చేసి "చూసినవా, ఎంత మంచిగున్నదో" అని గొప్పలు కూడా పోయాను.

భోజనాల తర్వాత గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి తీసుకువెళ్లారు. అక్కడ జాలరి పడవలో కొంచెం దూరం తిప్పి చూపిస్తారు. మోటారు పెట్టిన పడవ, అందరూ పట్టరు కాబట్టి రెండు విడతలన్నారు. లైఫ్‌జాకెట్లు వేసుకున్నాం. నేను ఎక్కాను, మౌనిక ఎక్కింది. అమ్మకు చెయ్యి అందించాను. ఆమె వెనక్కి జరిగింది.

"అందరం ఎక్కొద్దు. ఒడ్డున ఒకరుండాలె గద. మీరు పోయి రారి, నేను రెండో పుట్టిల వస్త."

పడవలో ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అర్థమైంది కనుకనే పోట్లాడలేకపోయాను. ఇన్నేళ్ల తర్వాత, ఇంత మతిమరుపులోనూ, ఆ ఒక్క మాట ఆమెకు గుర్తుంది. దిగిపోదామనుకున్నాను. మౌనిక "అమ్మా, దగ్గరికే, ఇట్ల పోయి అట్ల వస్తం" అంది. రాంబాబు తాను అమ్మ పక్కనే ఉంటానన్నాడు. ఒడ్డున వలలు ఆరేసే చోట ఒక తాటాకు పాక ఉంది. ఆ నీడలో ఆమెను కూర్చోబెట్టాడు. పడవ కదిలాక చూస్తే, అమ్మ నాకేసి చెయ్యి ఊపుతోంది. ఈసారి ఒడ్డున చిన్నదైపోయింది ఆమె.

మేం తిరిగొచ్చేసరికి పాకలో అమ్మ లేదు.

బస్సులో ఒక ముసలాయన కాలు జారి పడితే లేపడానికి వెళ్లానని, మళ్లీ తిరిగి చూసేలోపే ఇలా జరిగిందని రాంబాబు చెప్పాడు. నేను అతన్ని నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పటికి మాత్రం శ్రీను గొంతు ఒక్కటే చెవుల్లో వినపడుతోంది. బస్సులోవాళ్లంతా దిగి తలా ఒక దిక్కు పోయారు. మౌనిక బస్సు లోపల చూసి వచ్చింది, రోడ్డు దాకా పరుగెత్తి వచ్చింది. చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు ఎవరూ ఇటు రాలేదన్నారు.

నీళ్ల అంచున అమ్మ చెప్పులు కనపడ్డాయి.

రెండూ పక్కపక్కన, సరిగ్గా సర్దిపెట్టినట్టు ఉన్నాయి. వాటి ముందు నుంచి తడి ఇసుక, తర్వాత నీళ్లు. పోటు వచ్చే వేళ, నీళ్లు నది లోపలికి తోసుకొస్తున్నాయని జాలర్లు అనుకుంటున్నారు. ఇసుకలో కూలబడి ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మ లేదన్న మాట ఒక్కటే తిరుగుతోంది తలలో.

"అమ్మా, అటు చూడు" అని మౌనిక నా భుజం కుదిపింది.

నదికి అవతలి ఒడ్డున, ఇసుక దిబ్బ మీద, తెల్లగా ఎవరో కూర్చుని ఉన్నారు. మౌనిక ఫోన్ కెమెరాలో దగ్గరికి లాగి ఫొటో తీసి చూసింది. మా అమ్మే. కాళ్లు చాపుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

పడవతను నన్నూ, మౌనికనూ ఎక్కించుకుని అటు తీసుకువెళ్లాడు. దారి పొడవునా అతను ఒకటే మాట. "ఎలాగెల్లిందమ్మా ఈవిడ? మజ్జిలో నిలువు లోతు దాటుంటాది. ఇప్పుడు అటేపు ఒక్క పడవ కూడా ఎల్లనేదు." వంతెన చాలా ఎగువన ఉంది. బండి మీద చుట్టి వచ్చినా మేం పడవలో తిరిగొచ్చినంత సేపట్లో కుదరదన్నాడు. పైగా ఆ దిబ్బ దాకా బండి వచ్చే దారే లేదు, అంతా ఇసుకే.

నేను పరుగెత్తి అమ్మను పట్టుకున్నాను. ఒళ్లంతా తడిమి చూశాను. జుట్టు పొడిగా ఉంది. చీర కుచ్చెళ్లు పొడిగా ఉన్నాయి. పొద్దున కొంగున కట్టుకున్న ఎర్రమట్టి మూట కూడా పొడిగా ఉంది. మౌనిక నాడి పట్టి చూసింది, మామూలుగానే కొట్టుకుంటోంది. మా కంగారు చూసి అమ్మ ఆశ్చర్యపోయింది.

"ఎట్లొచ్చినవమ్మా గీడికి?"

"కాసీమన్న తోల్కొచ్చిండు."

అమ్మే చెప్పింది, నిన్న సంతకు వెళ్లివచ్చిన సంగతి చెప్పినంత మామూలుగా. కాసీమన్న పుట్టి తెచ్చి, రా చెల్లె, ఊరికి పోదాం అన్నాడట. ఎక్కిందట. కొంచెం దూరం పోయాక ఊరి గుట్ట కూడా కనపడిందట.

"ముసలోడయ్యిండు గద, ఎక్కించుకునేటప్పుడు అడుగుడు మర్శిండు. నడుమకొచ్చినంక అడిగిండు, ఒడ్డున ఇంటోళ్లెవరన్నా ఉండిర్రా అని. లేరన్నా, నా బిడ్డ గూడ నీళ్లమీదనే ఉన్నదని చెప్పిన. గట్లయితే ఎట్ల చెల్లె, అని గడ పక్కకు మర్లేసిండు. గీడ దింపి, బిడ్డ ఒడ్డెక్కనియ్, నేను మల్లొస్త అని పోయిండు."

"మరి చెప్పులెందుకు ఇడిసినవ్?" అని అడిగాను.

"మల్ల మీ తానకు రావొద్దా?" అంది అమ్మ.

చెయ్యి పట్టి లేపాను. ఆమె ముందు నడుస్తోంది, నేనూ, మౌనికా వెనక. అప్పుడు చూశాను. పలచటి మీగడ రంగు గద్వాల నూలు చీర, ఆమెకు నేనే కొన్నది. వెనక కూర్చున్న మేర తడిగా ఉంది. ఆ తడిలో అడ్డం, నిలువు బద్దల అల్లిక అచ్చు పడి ఉంది. ఒక బద్ద పైకి, ఒక బద్ద కిందికి. చిన్నప్పుడు నా లంగా మీద పడిన అచ్చే. నేను ఆగిపోయాను. చేత్తో తాకి చూశాను, చల్లగా తగిలింది. ఆమె కూర్చున్న చోట ఇసుక మాత్రం ఎండకు పొడిబారి ఉంది.

పడవ ఈ ఒడ్డుకు చేరేసరికి ఎండకూ, గాలికీ అది ఆరిపోయింది. ఫొటో తీయాలన్న ఆలోచన నాకూ, మౌనికకూ రాలేదు. ఫోన్లో ఉన్నది దూరం నుంచి తీసిన ఒక్క ఫొటోనే. అందులో ఇసుక, నీళ్లు, అమ్మ. ఇంకేమీ లేవు.

నేను విత్తనాల దుకాణందాన్ని, ఊరికే వదిలిపెట్టే రకం కాదు. ఆ సాయంత్రమే పాకలోకి వెళ్లి చూశాను. చాప లేదు, బుట్ట లేదు. నేలంతా ఇసుక, వల ఒకటి కుప్పగా ఉంది. చేపల గంపలేమన్నా ఉన్నాయా అని ఆడవాళ్లను అడిగాను, ఇప్పుడన్నీ ప్లాస్టిక్ టబ్బులేనన్నారు. గుండ్రటి పుట్టి ఈ పక్క ఎవరైనా వాడతారా అని పడవతన్ని అడిగాను. అలాంటిది తానెన్నడూ చూడలేదన్నాడు. ఎవరో జాలి పడి దాటించి ఉంటారు, గుర్తులేక అలా చెప్పి ఉంటుంది అని మౌనిక అంటుంది. చదువుకున్న పిల్ల, అనాల్సిందే. ఆ అచ్చు సంగతేమిటే అంటే మాత్రం మాట మారుస్తుంది.

రాంబాబు బస్సు దిగేటప్పుడు అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. అమ్మ అతని తల నిమిరి, "మంచిగ సూపిచ్చినవ్ నాయనా, మా ఊరు గూడ సూపిచ్చినవ్" అంది. నేను అతనికి క్షమాపణ చెప్పుకున్నాను.

శ్రీనుకు అన్నీ చెప్పాను, తిట్టినా పడదామని. వాడు తిట్టలేదు. "మామ మంచిగున్నడంటనా?" అని అడిగాడు. కాసీం మామ ఒళ్లో కూర్చుని పుట్టి గడ పట్టుకున్నవాడు వాడు. నాకు ఆ మాటకు ఏడుపొచ్చింది.

గద్వాలకు వచ్చాక ఒక మార్పు చూశాం. అమ్మ సంచి సర్దడం మానేసింది. సాయంత్రం ఎండ వాలినా వాకిట్లోకి రాలేదు. పోదామా అమ్మా అని నేనే ఒకసారి అడిగాను. "కాసీమన్న వస్తనన్నడు గద, ఎందుకు తొందర" అంది. ఆ తర్వాతి కాలం మాకు పండుగలా గడిచింది. అరుగు మీద కూర్చుని రైతులకు మునిగిన ఊరి కథలు చెప్పేది. ఎవరి చేను ఎక్కడుండేది, ఏ బావి నీళ్లు తియ్యగా ఉండేవి, మునగకముందు చివరిరోజు ఎవరు తలుపులు ఊడబెరికి బండికెత్తుకున్నారు, అన్నీ. విత్తనం కొనుక్కునే తొందరలో వచ్చినవాళ్లు కూడా ఆగి వినేవాళ్లు. వాళ్లలో మునిగిన ఊళ్లవాళ్ల పిల్లలుంటే లేవలేకపోయేవాళ్లు. నేను లోపల కాటా దగ్గర కూర్చుని, అమ్మమ్మ నన్ను వెనక్కి తిప్పి చూసిన ఆ వాకిలిని మళ్లీ చూసేదాన్ని.

పోయిన మామిడికాయల రోజుల్లో అమ్మకు జ్వరం తగిలింది. దవాఖానలో చూపిస్తే వయసు మీద పడింది, ఇంటికి తీసుకుపొండి అన్నారు. శ్రీను రెండు రోజులు ఉండి, పని మీద నాగర్‌కర్నూలు వెళ్లి, మళ్లీ బయలుదేరి దారిలో ఉన్నాడు. మా ఆయన దుకాణంలో ఉన్నాడు. మధ్యాహ్నం వేళ, ఇంట్లో నేనూ, అమ్మే. ఆమె చెయ్యి పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను.

అమ్మ కళ్లు తెరిచింది. నా వైపు చాలా తేటగా చూసింది, ఆ రోజు భీమిలిలో చూసినట్టే. నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది.

"నువ్వు జర బయట ఉండు బిడ్డా" అంది. "ఒడ్డున ఒకరుండాలె గద."

నేను నమ్మే మనిషిని కాదని మొదటే చెప్పాను. ఇప్పటికీ నమ్మను. ఆ చీర మీది అచ్చు ఏమిటో నాకు తెలియదు. ఆమె నది ఎలా దాటిందో తెలియదు. జ్వరంలో ఏదో అంటోందిలే అని అక్కడే కూర్చుని ఉండొచ్చు, కూతురిని కదా, ఆఖరి గడియలో తల్లి చెయ్యి వదులుతానా. కానీ లేచాను. దుప్పటి సర్దాను. మారు మాట్లాడకుండా బయటికి వెళ్లి వాకిట్లో నిలబడ్డాను, చిన్నప్పుడు ఇసుకలో నిలబడ్డట్టే. లోపల ఏ చప్పుడూ లేదు. అమ్మ పూర్తిగా దాటి ఉంటుందనిపించేదాకా అక్కడే ఉన్నాను.